దులపని దుప్పట్లు

కాలేజీ సేవా శిబిరం బస్సు ఆసుపత్రి వెనక గేటుకు మలుపు తిరిగేసరికి ఆమె కిటికీలోంచి చూసింది. సమ్మెలో ఉన్న లాండ్రీ ఆడవాళ్ళు గేటుకు అడ్డంగా కూర్చుని ఉన్నారు. బస్సుకు దారి చెయ్యడానికి పోలీసులు వాళ్ళను జుట్టు పట్టి పక్కకు ఈడుస్తున్నారు. బస్సులో పాట ఆగిపోయింది. చెప్పు ఊడి, మోచెయ్యి గీసుకుపోయి గోడ వారన పడ్డ మనిషి ఆమె తల్లి.

తల్లి తలెత్తి కిటికీలో కూతుర్ని చూసింది. వెంటనే, ఎవరో కొత్తపిల్లను చూసినట్టు, చూపు తిప్పేసుకుంది. అందులో కోపం లేదు. కూతురి అబద్ధాన్ని ఒక్క రెప్పపాటులో అర్థం చేసుకుని తన వంతు తాను మోసింది, అంతే.

అది పెద్ద అబద్ధం కూడా కాదు. అమ్మ ఆసుపత్రిలో పనిచేస్తుందని కాలేజీలో చెప్పింది. నర్సని వాళ్ళే అనుకున్నారు. కాదని ఆమె అనలేదు.

లోపల లాండ్రీ గదిలో సూపర్‌వైజరు పిల్లలందరికీ నమస్కారం పెట్టాడు. రోగులు మాసిన పక్కల మీద పడి ఉంటే బయటున్న మహాతల్లులకు చీమ కుట్టినట్టయినా లేదన్నాడు. మీలాంటి బంగారు చేతులు ఉండబట్టే లోకం నడుస్తోందన్నాడు. వెంట వచ్చిన లెక్చరరు చప్పట్లు కొట్టాడు. వార్డుల నుంచి వచ్చిన దుప్పట్ల మూటలు గది మధ్య గుట్టగా ఉన్నాయి. వాటిని ఉతకడమే శిబిరం పని.

ఆ మూటల్లో ఏముంటుందో ఆమెకు తెలుసు. వాడిన సూదులు దుప్పట్లలో చుట్టుకుపోయి వస్తాయి. అందుకే మూట విప్పగానే చెయ్యి పెట్టకూడదు. కర్రతో ఎత్తి బండల మీద దులపాలి. రాలిన సూది చప్పుడు చేస్తుంది. దులిపితే పని సాగడం లేదని కాంట్రాక్టరు కర్రలు తీయించేశాడు. ఆ తర్వాతే పక్కింటి పిన్నికి సూది దిగింది. చిన్నప్పుడు ఆమెకు జడలు వేసిన పిన్ని. సబ్బుతో కడుక్కోమని చెప్పి పనిలోకి పంపారు. పిన్ని కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, ఎవరినీ గుర్తుపట్టకుండానే చనిపోయింది. ఇప్పుడు సమ్మె ఆ కర్రల కోసం, మందపాటి గ్లౌజుల కోసం. ఇంకేం అడగలేదు వాళ్ళు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ దాని వెనకే ‘నీకెలా తెలుసు?’ అన్న ప్రశ్న వస్తుంది. ఎక్కడో చదివానని అనొచ్చు. ఆ అబద్ధం కూడా తయారుగానే ఉంది. అయినా ఇంకెవరైనా చెబుతారులే అనుకుంది. అలా అనుకుంటూనే తన మూటలోని దుప్పటిని మాత్రం రెండు అంచులు పట్టి, దూరంగా చాపి దులిపింది. చేతులు వాటంతటవే ఆ పని చేశాయి.

పక్కన ఉన్న స్నేహితురాలు నవ్వింది. నోరు మూతపడదని ఆ పిల్లను అందరూ రేడియో అంటారు. “భలే దులుపుతున్నావే. మీ ఇంట్లో నల్లులెక్కువా?”

గేటు దగ్గర నుంచి ఒక గొంతు వచ్చింది. తల్లి గొంతు. “పిల్లలూ, చెయ్యి పెట్టకండమ్మా. ముందు దులపండి.”

“ఏంటట?” అంది రేడియో.

“ఏమో,” అంది ఆమె. “తిడుతున్నట్టున్నారు.”

రేడియో మూటలోకి మోచేతుల దాకా చేతులు దూర్చింది. కెవ్వున అరవలేదు కూడా. చెయ్యి బయటికి తీసి, అరచేతిలో వేలాడుతున్న సూదిని వింతగా చూసింది.

“సబ్బుతో కడుక్కో తల్లీ. ఏం కాదు,” అన్నాడు సూపర్‌వైజరు.

అవే మాటలు. పిన్ని ఆ మాటలను వాళ్ళ వాకిట్లో కూర్చుని నవ్వుతూ చెప్పింది. ఆమె మూలనున్న నేల తుడిచే కర్ర లాక్కుంది. రేడియో మూటలోని దుప్పటిని దాంతో ఎత్తి బండల మీద దులిపింది. టక్కుమని ఒక సూది. మరో దుప్పటి, మరో సూది.  దులుపుతూనే పిన్ని సంగతి చెప్పింది, కర్రల సంగతి చెప్పింది. తల్లి సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు.

ఈలోగా లెక్చరరు సూపర్‌వైజరు చెవిలో ఏదో అన్నాడు. డాక్టరే పరుగున వచ్చి రేడియోకు జబ్బు అంటకుండా ఇంజెక్షన్ చేసి, చేతికి కట్టు కట్టి వెళ్ళాడు.

“మీ పిన్నికెందుకు చెయ్యలేదు ఇది?” అంది రేడియో. 

పిల్లల్లో వాదన లేచింది. పని ఆపేసి రోగుల పాపం మనమెందుకు కట్టుకోవాలని ఒకడన్నాడు. ఆ రోగుల్ని అడ్డం పెట్టుకునే మనతో సమ్మె విరగ్గొట్టిస్తున్నారురా అని మరొకడన్నాడు. పని ఆపితే శిబిరం సర్టిఫికెట్లు రావని లెక్చరరు బెదిరించాడు. ఆ బెదిరింపుతో వాదన తేలిపోయింది. పిల్లలు బయటికి నడిచి ఆడవాళ్ళ పక్కన గేటులో కూర్చున్నారు.

పోలీసు అధికారి వచ్చి, కాలేజీ పిల్లలను బస్సులోకి, లాండ్రీవాళ్ళను వ్యానులోకి ఎక్కించమన్నాడు. పోలీసు చెయ్యి ఆమె జబ్బ మీద పడేసరికి తల్లి అడ్డొచ్చింది.

“ఆ పిల్లెవరో మాకు తెలీదు సార్. కాలేజీ పిల్ల. బస్సెక్కించెయ్యండి.”

“మా అమ్మ,” అంది ఆమె.  మళ్ళీ అంది. “ఈవిడ మా అమ్మ. ఇక్కడే బట్టలుతుకుతుంది.”

రేడియో ఆమె మొహంలోకి చూసింది. “అంటే నీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

 రేడియో, ఎవరూ రమ్మనకుండానే, వ్యానెక్కి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. వెనకే ఎక్కిన ఆమెకు మాత్రం జరిగి చోటివ్వలేదు. పక్కన చోటుంది. అక్కడ కట్టు కట్టిన చెయ్యి పెట్టుకుంది.

ఆమె నిలబడింది. ఎదురుగా కూర్చున్న తల్లి కూడా తన పక్కకు రమ్మనలేదు.

“కమ్మీ పట్టుకో,” అంది తల్లి. “మలుపుల్లో పడతావు.”

వ్యాను కదిలింది. ఎవరో ఇనప గోడ మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టారు, దుప్పటి దులిపే లయలో. ఒక్కొక్కరే అందుకున్నారు. రేడియో కట్టున్న చేత్తోనే కొట్టింది. ఆమె కమ్మీ వదలకుండా జల్లెడ కిటికీలోంచి వెనక్కి చూసింది. ఆడవాళ్ళను ఈడ్చేసిన చోట ఇప్పుడు కాలేజీ పిల్లలు బస్సెక్కకుండా కూర్చున్నారు. వాళ్ళ జుట్టు మీద చెయ్యి వెయ్యడానికి పోలీసులు తటపటాయించారు. కాసేపే. తర్వాత ఒక పిల్లను ఈడ్చారు. ఆ ఖాళీలోకి, తల వంచుకుని, ఇంకో పిల్ల జరిగి కూర్చుంది.