వేరేదేదీ ముట్టకు

"పాటలు అని ఉంటది సూడు, దాన్నే నొక్కు. వేరేదేదీ ముట్టకు," అన్నాడు భర్త బిల్లీ ఫోన్లో, ప్లాంటు మిషన్ల మోతలోంచి.

క్లారా పిండి చేతిని కొంగుకు తుడుచుకుని, చంకలో పిల్లతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ పాటలు ఆమె వంట చేసుకుంటూ పాడి ఫోన్లో పట్టినవే. ఫోను నిండిందని బిల్లీయే వాటిని క్లౌడ్‌లోకి ఎక్కించాడు. రేపు చర్చిలో జరిగే స్త్రీల కూడికకు పెన్‌డ్రైవ్‌లో వేసియ్యమని అత్త దయావతి పొద్దుట్నుంచీ ఒకటే పోరు. "పాడేది కోడలైనా పాడించేది నేనే గద," అని కూడికలో చెప్పుకుంటుందామె.

పాటలు దిగుతున్నాయి. ముట్టకు అన్న మాటే గొంతులో ముల్లులా దిగడం లేదు. ఎందుకు ముట్టొద్దు? కొన్నాళ్లుగా ఈ ఇంటి గోడలకు చెవులు మొలిచినట్టుంది. తొమ్మిదిలో ఆగిన చదువు, ఓపెన్ స్కూల్లో పది రాయాలనుందని అమ్మతో ఫోన్లో అందో లేదో, మర్నాడు అన్నం దగ్గర బిల్లీ నవ్వాడు: "కొందరికి పిల్ల పుట్టినంక చదువు యాదికొస్తదట." ఆ మాట అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. మరి ఎవరు మోసినట్టు? "అల్లుని మెప్పు కోసం నా కడుపుల మాట చెప్పినవా?" అని మళ్లీ ఫోన్ చేసి అమ్మ మీద విరుచుకుపడింది. "దేవుని తోడు, నేను చెప్పలే బిడ్డా," అని అమ్మ ఏడ్చింది. క్లారా నమ్మలేదు. అప్పట్నుంచీ అమ్మకు ఫోన్ చేయలేదు.

పాటల పక్కన ఇంకో ఫోల్డర్. పేరు 'క్లారా'. నొక్కింది. అన్నీ ఆడియోలే, పాటలు కావు. ఒకటి తెరిచింది.

"అమ్మా, తిన్నవా? మోకాళ్లెట్లున్నయి?"

తన గొంతే. అమ్మతో ఫోన్లో మాట్లాడిన మాటలే. ఇంకోటి తెరిచింది. అమ్మ ఏడుపు: "నేను చెప్పలే బిడ్డా..."

ఇది కూడా విన్నాడన్నమాట. విని, ఏమీ ఎరగనట్టు "మీ అమ్మ ఫోన్ చేస్తలేదేంది?" అని అడిగాడు కూడా! కొత్త ఫోను కొనిచ్చిన నాడు, "నీకు తెల్వదు, ఇటియ్యి" అని లాక్కుని అతను తన మెయిల్‌తోనే తెరిచింది ఇందుకా, ప్రతి మాటా రికార్డై అతనికి చేరడానికా.

"అయిందా?" వంటింట్లోంచి అత్త కేక.

"పాటలైనయి అత్తమ్మా," అని పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టింది.

తిరిగొచ్చి ఆ ఫోల్డర్ చెరిపేద్దామనుకుంది. వేలు ఆగింది. ఉండనీ. అదే ఫోన్ తీసి అమ్మకు కలిపింది.

"అమ్మా, నన్ను మాఫ్ చెయ్యి. నువ్వు చెప్పలే, ఇప్పుడు తెలిసింది. సోమవారం సంగారెడ్డి పోయి పదికి పేరు రాయిస్త. పిల్లను పట్టుకునేటందుకు నువ్వు రా."

అమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. "అల్లుడేమంటడో బిడ్డా..."

"జెర గట్టిగ మాట్లాడమ్మా. అల్లుడు గూడ ఇంటున్నడు."