ఒక్కసారి పాడిన క్యాసెట్

గువాహాటిలో లైబ్రరీ సైన్సు చదివే పిల్లలంతా పుస్తకాలకు నంబర్లు అంటించడం నేర్చుకుంటుంటే, తొరాలి మాత్రం బూజు పట్టిన క్యాసెట్ల వెంట పడింది. ఆమెకు పెళ్ళి పాటల పిచ్చి. ఏ వీధిలో పెళ్ళి జరిగినా పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళి, ఆడవాళ్ళు మగపెళ్ళివారిని ఏడిపిస్తూ పాడే పాటలు రికార్డు చేసుకొచ్చేది. శిక్షణకు వెళ్ళే పాత పాటల భాండాగారంలో బరూవా సారు టేపు తుడవడం, తెగినచోట అతకడం నేర్పారు. రోజూ ఒకటే పాట ఆయనది: "పాత టేపు ఒక్కసారే పలకొచ్చు. పక్క మిషన్లో కాపీకి రికార్డు నొక్కకుండా ప్లే నొక్కావో, చెయ్యి విరిచేస్తా!"

ఆ పిచ్చి ఊరికే పట్టలేదు. తల్లి రేబతి పోయేనాటికి తొరాలి పాలు తాగే పిల్ల. అమ్మ గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. పెద్దమ్మ పెళ్ళిలో అమ్మ పాడిన పాట ఒకే ఒక్క క్యాసెట్లో ఉంది. ఒకసారి వరదనీళ్ళలో నానింది కూడా. తండ్రి ఖగేన్ దాన్ని గమొసా తువ్వాల్లో చుట్టి పెట్టెలో దాచి, ఇన్నేళ్ళూ ఎవరినీ ముట్టనివ్వలేదు. కూతురికి పని చేతికొచ్చిందని నమ్మకం కుదిరాక, ఒక శనివారం తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

తొరాలి బూజు తుడిచింది. సోమవారం భాండాగారంలో కాపీ తీస్తానంది. చేతి ఫోన్లు ఇంకా రాని రోజులవి. పెళ్ళిళ్ళకు తీసుకెళ్ళే రికార్డరు భాండాగారానిది; ఇంట్లో ఉన్నది పాత ప్లేయరొక్కటే.

"సోమవారం దాకా నా ప్రాణం ఆగదే మాజొనీ," అన్నాడు ఖగేన్, కూతుర్ని ముద్దుగా పిలుస్తూ. "ఒక్క చరణం పెట్టు."

"వద్దు దేవుతా," అంది తొరాలి తండ్రితో. "సారు చంపేస్తారు."

"మీ సారుకు పెళ్ళాం ఉందిగా, ఆయనకేం తెలుస్తుంది? ఒక్క చరణమే!"

నిజానికి ఆమె మనసూ ఆగలేదు. ప్లే నొక్కింది.

కాసేపు గరగర. ఆ తర్వాత రేబతి. సన్నగా, కాస్త ముక్కుతో, పొగరుగా. "పెళ్ళికొడుకు పక్కన కొంగ ఎవరమ్మా, మా చేపలన్నీ మాయం చేసిందమ్మా." చుట్టూ ఆడవాళ్ళ నవ్వులు.

"ఆ కొంగను నేనే!" ఖగేన్ పగలబడి నవ్వాడు. "మీ ఇంట్లో చేపలెక్కడున్నాయే, అన్నీ ముళ్ళేగా!" పెళ్ళికొడుకు స్నేహితుడిగా వెళ్ళిన ఆనాడు నోరు పెగలక మింగేసిన జవాబది.

అప్పుడు చూసింది తొరాలి. మూత ఊడిన ఆ ప్లేయర్లో గోధుమరంగు పొడి రాలుతోంది. పాట ఉండేది ఆ పొడిలోనే. అవతలికి చుట్టుకుంటున్న టేపు గాజులా బోసిగా ఉంది. ఇప్పుడు ఆపితే మిగిలిందైనా దక్కుతుంది. స్టాప్ మీట మీద వేలు పెట్టింది.

"ఇప్పుడు నన్ను పుల్లకాళ్ళోడా అంటుంది చూడు," అన్నాడు ఖగేన్, కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ.

ఆమె వేలు తీసేసింది. నాన్న కోసమేనని తర్వాత ఎన్నిసార్లో తనకు తాను చెప్పుకుంది. కానీ అమ్మ నోట ఆ తర్వాతి మాట వినాలన్న ఆశ తనకు మాత్రం లేదా?

పాట అయిపోయింది. ఖగేన్ గమొసాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఇన్నేళ్ళు దాచి ఏం బావుకున్నాను? ఇక రోజూ వింటా. వెనక్కి తిప్పు మాజొనీ. ఈసారి మధ్యలో మాట్లాడను, ఒట్టు."

తొరాలి రాలిన పొడిని వేలితో పక్కకు తోసింది. బోసిపోయిన టేపును వెనక్కి తిప్పి, ప్లే నొక్కింది. ఖగేన్ ఇచ్చిన మాట ప్రకారం నోరు మూసుకుని, ప్లేయరు దగ్గరికి జరిగి, వినడానికి కూర్చున్నాడు.