ఖుర్షిదా మేడం మాట్లాడని రోజులు

ఖుర్షిదా గొంతు ఒక మధ్యాహ్నం నిండు క్లాసులో పోయింది. బోర్డు మీద బెంజీన్ బొమ్మ గీసి, పిల్లల వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించింది. బొంగురుగా ఒక గాలి చప్పుడు వచ్చిందే తప్ప అక్షరం పలకలేదు. ముందు వరసలో పిల్లలు మొదట నవ్వారు, తర్వాత ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చదువుకోమని సైగ చేసి, ఆమె స్టాఫ్ రూముకు వచ్చి కూర్చుంది.

గుంటూరు శివార్లలో ఉన్న ఆ రెసిడెన్షియల్ కాలేజీలో ఖుర్షిదా కెమిస్ట్రీ లెక్చరర్. చేరి పదేళ్ళు దాటింది, విభాగానికి హెడ్ కూడా ఆమే. పాఠం చెప్పడం ఆమెకు ప్రాణం. ఎంత మందబుద్ధి పిల్లాడికైనా ఏదో ఒక తోవ వెతికి విషయం ఎక్కించేది. కాకపోతే ఆ పాఠం చుట్టూ మిగతా పనులు గోడల్లా లేస్తూ వచ్చాయి. తెల్లారకుండా స్టడీ అవర్, ఆ తర్వాత క్లాసులు, సాయంత్రం సందేహాలు తీర్చే క్లాసు, రాత్రి మళ్ళీ స్టడీ అవర్. మధ్యలో తల్లిదండ్రులకు ఫోన్లు. ఎవరి అబ్బాయికి ఎందుకు మార్కులు తగ్గాయో వాళ్ళకు చెప్పాలి, చెప్పినట్టు మళ్ళీ పైవాళ్ళకు చెప్పాలి. ఆదివారాలు పరీక్షలకే సరిపోయేవి.

ఈ మధ్య కాలేజీ గేటు కనబడగానే ఆమె అడుగులు నెమ్మదించేవి. ఇంటికి చేరేసరికి ఒంట్లో ఒక్క మాట మిగిలేది కాదు. నాలుగో తరగతి చదివే కూతురు సిద్దికా ఏదైనా చెప్పబోతే, రేపు చెబుదువు గానిలే అని దిండు మీద తల వాల్చేది. గొంతు బొంగురుపోయి చాలా రోజులైనా మిరియాల పాలు తాగుతూ, లవంగం బుగ్గన పెట్టుకుని నెట్టుకొచ్చింది.

ఆ సాయంత్రం భర్త నాగూర్ వలి ఆమెను బ్రాడీపేటలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు లక్ష్మీదుర్గ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. అతనిది బోరు మోటార్లు బాగుచేసే షాపు. చేతుల నలుపు పూర్తిగా వదలకుండానే వచ్చాడు. డాక్టరమ్మ గొంతులోకి సన్నటి కెమెరా పంపి చూసింది. స్వరతంత్రుల మీద కాయలు కాశాయని, బాగా వాడిన చేతులకు కాసినట్టే ఇవీ అని వివరించింది.

"రోజుకు ఎంతసేపు మాట్లాడతారు?" అని అడిగింది.

ఖుర్షిదా బదులు నాగూర్ వలి చెప్పాడు. "చీకటితో వెళ్తే మళ్ళీ చీకటిపడ్డాకే వస్తదండి. అంతసేపూ మాట్లాడటమేనండి."

"మరి ఇంట్లో?"

అతను అరచేతి నలుపు తుడుచుకున్నాడు. "ఇంట్లో మాట్లాడదండి."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. మోటారులో ఎక్కడ తేడా ఉందో చెప్పినట్టు, ఉన్న సంగతి చెప్పాడంతే. ఖుర్షిదాకు మాత్రం ఆ మాట గొంతు నొప్పి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. తలవంచుకుని కూర్చుంది.

రెండు వారాలపాటు ఒక్క మాట మాట్లాడకూడదని, గుసగుసగా కూడా వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వినకపోతే ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తుందంది. ప్రిన్సిపాల్ వెంకటనారాయణ గారికి ఆ విషయం మెసేజ్‌గా రెండుసార్లు రాసి చెరిపి, చివరికి పంపింది ఖుర్షిదా. పరీక్షలు దగ్గర పడుతున్న రోజులు. ఆయన నుంచి చాలాసేపటికి సరేనని ఒక్క ముక్క వచ్చింది. ఆ వెంటనే ప్రేమదాసు నుంచి మరో మెసేజ్ వచ్చింది. ఆయన అదే విభాగంలో ఆమెకంటే చిన్నవాడు, మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేవాడు. ఆమె సెక్షన్లు తాను చూసుకుంటానని, క్లాసుల గురించి బెంగపెట్టుకోవద్దని రాశాడు.

ఇంట్లో మొదటి రోజు ఖుర్షిదాకు దిక్కు తోచలేదు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. చివరికి అత్తగారు ఖాదర్‌బీ ఆ ఫోన్ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఖాదర్‌బీ వయసులో ఉన్నన్నాళ్ళూ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. ఆ ఘాటుకు దగ్గి దగ్గి ఆమె గొంతు మోటుగా, పెద్దగా ఉంటుంది.

మధ్యాహ్నం చిలకలూరిపేట వైపు నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. కొడుకు హాస్టల్లో ఉంటాడు. ఖాదర్‌బీ స్పీకర్ పెట్టి, "మేడం గారికి గొంతు పోయిందమ్మా, నేను వాళ్ళ అత్తని, నాతో చెప్పు" అంది. ఆ తల్లి మొదట తడబడింది. తర్వాత మార్కుల నుంచి మాట పత్తికి మళ్ళింది. కాయలో పురుగు పడిందని, తీతకు మనుషులు దొరకడం లేదని ఆమె చెబితే, ఏ ఊళ్ళో ఎవరిని అడగాలో ఖాదర్‌బీ చెప్పింది. ఇద్దరూ అలా ఎంతోసేపు మాట్లాడుకున్నారు. పెట్టేసే ముందు ఆ తల్లి, "మార్కుల కోసం చెయ్యలేదులే అమ్మా. పిల్లోడు గుర్తొచ్చాడు, ఎవరితోనన్నా మాట్లాడదామని చేశా" అంది.

గోడకు ఆనుకుని వింటున్న ఖుర్షిదాకు ఆమె ఎవరో తెలుసు. అంతకుముందు ఎన్నోసార్లు ఫోన్ చేసింది. ప్రతిసారీ తాను వారాంతపు పరీక్షల మార్కులు గబగబా చదివి పెట్టేసింది. ఆ అబ్బాయి మొన్న క్లాసులో ఒక మంచి ప్రశ్న వేశాడు. అది చెప్పి ఉంటే ఆ తల్లి ఎంత సంతోషించేదో. చెప్పాలన్న తలంపే రాలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చిన సిద్దికా పుస్తకాల సంచి మూలన పడేసి తల్లి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. హోంవర్కు ఉందా, టిఫిన్ తిన్నావా అని తల్లి అడగలేదు. అడిగే వీలు లేదు. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, నెమ్మదిగా మొదలుపెట్టింది. క్లాసు టీచరు మారిందట. తన పక్కన కూర్చునే బిందుమాధవి వాళ్ళు ఒంగోలు వెళ్ళిపోయారట, దానికి తను రెండు రోజులు ఏడ్చిందట. భాగహారం ఇప్పుడు వచ్చేసిందట. ఒకదాని వెంట ఒకటి, ఎన్నాళ్ళ నుంచో ఆపి పెట్టిన మాటలు జలజలా రాలాయి.

"అమ్మా, నాకు సైకిల్ వచ్చు, తెలుసా?" అంది ఉన్నట్టుండి.

ఖుర్షిదా తెలియదన్నట్టు తల ఊపింది. దసరా సెలవుల్లోనే నాన్న నేర్పాడట. చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్ళి, ఎదురింటి వాళ్ళ సైకిల్ అడిగి తీసుకుని తొక్కి చూపించింది. మూల మీద ఆటో వచ్చినప్పుడు ఖుర్షిదా నోట్లోంచి కేక రాబోయి ఆగింది. సిద్దికా చక్కగా పక్కకు తీసి, ఆటో వెళ్ళాక మళ్ళీ ఎక్కింది. ఖుర్షిదా గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. కళ్ళు చెమర్చాయి. సంతోషమూ ఉంది, ఇన్నాళ్ళూ తనకు తెలియకపోయిందే అన్న దిగులూ ఉంది.

ఆ ఆదివారం నాగూర్ వలి షాపు మూసి అందర్నీ కారులో వాడరేవు తీసుకెళ్ళాడు. దారి పొడుగునా పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి, మిరప తోటల్లో పచ్చకాయ అప్పుడప్పుడే రంగు తిరుగుతోంది. వాడరేవులో ఇసుక మీద ఎండు చేపల వాసన. ఖాదర్‌బీ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మనవరాలి భుజం ఆసరాగా అలల్లో నిలబడింది. ఖుర్షిదా పడవ నీడలో కూర్చుని ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి భర్తకు చూపించింది. ఉద్యోగం మానేస్తానని.

అతను చదివి, ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"మానెయ్. నేనేమీ అనను, ఎట్టాగోట్టా నడుస్తది. కానీ ఒకటి చూసుకో. పాఠం చెప్పటం ఇష్టం లేక మానేస్తున్నావా, మిగతా గోలంతా పడలేక మానేస్తున్నావా? ఇష్టమైన పని వదిలేసి ఇంట్లో కూర్చుంటే నువ్వు అప్పుడు కూడా మాట్లాడవు."

మానేస్తే ఏం పోగొట్టుకుంటుందో ఆమె అప్పటిదాకా ఆలోచించలేదు. అర్థంకాని లెక్క ఒక్కసారిగా తెలిసినప్పుడు పిల్లల కళ్ళల్లో వచ్చే ఆ వెలుగు గుర్తుకొచ్చింది. అది వదులుకోవడం తన వల్ల కాదనిపించింది. మళ్ళీ ఫోన్ తీసి, మిగతా పనులు తగ్గించమని ముందు కాలేజీలో అడిగి చూస్తానని రాసింది. అడిగితే కుదరదంటే అప్పుడు మానేస్తానని చేర్చింది. నాగూర్ వలి సరేనని లేచి, అందరికీ వేయించిన చేపలు తేవడానికి వెళ్ళాడు.

గడువు అయ్యాక డాక్టరమ్మ మళ్ళీ చూసి, కాయలు మెత్తబడ్డాయని, ఇక మెల్లగా మాట్లాడవచ్చని చెప్పింది. అయితే మునుపటిలా రోజంతా అరిస్తే మళ్ళీ ఇక్కడికే వస్తారని హెచ్చరించింది. ఖుర్షిదా మొదటి మాటగా సిద్దికాను పేరు పెట్టి పిలిచింది. గొంతు సన్నగా, కొత్తగా ఉంది. ఆ అమ్మాయి, నీ గొంతు పిల్లల గొంతులా ఉందని నవ్వింది.

మర్నాడు కాలేజీకి వెళ్ళి నేరుగా ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. క్లాసులు తప్పకుండా చెబుతానని, స్టడీ అవర్లు, ఫోన్లు, ఆదివారాలు మాత్రం తన వల్ల కాదని, విభాగం హెడ్ పని ఎవరికైనా ఇచ్చినా, జీతం తగ్గించినా అభ్యంతరం లేదని చెప్పింది. వెంకటనారాయణ గారు చెడ్డవాడు కాదు, కానీ పైనుంచి ఆయన మీదా ఒత్తిడి ఉంటుంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇక్కడ అందరూ చేస్తున్నారు కదమ్మా" అన్నారు.

"చేస్తున్నారు సార్. నేను చేయలేను" అంది ఖుర్షిదా.

అంత మెల్లగా, అంత సూటిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ఏదో అనబోయేంతలో ప్రేమదాసు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వెనక ఫిజిక్స్, మ్యాథ్స్ లెక్చరర్లు కూడా ఉన్నారు. ఆమె లేని రోజుల్లో వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. స్టడీ అవర్లు అందరూ వంతుల వారీగా చూస్తే ఎవరికీ వారంలో ఎక్కువ పడవని, ఆదివారం పరీక్షలకు కూడా అలాగే వంతులు పెట్టుకుంటామని, ఖుర్షిదా మేడంను మాత్రం గొంతు పూర్తిగా బాగయ్యేదాకా ఆ వంతుల్లో చేర్చవద్దని ప్రేమదాసు చెప్పాడు. ప్రిన్సిపాల్ వెంటనే ఒప్పుకోలేదు. పైవాళ్ళతో మాట్లాడి చెబుతానన్నారు. ఆ వారం చివర్లో, పరీక్షలయ్యే వరకు అలాగే చేసి చూద్దామని కబురు చేశారు.

బయటికి వచ్చాక ఖుర్షిదా, ప్రేమదాసుకు కృతజ్ఞతలు చెప్పబోయింది. ఆయన చెప్పనివ్వలేదు.

"మా పాప నడవటం మొదలెట్టిన రోజు నేను ఇక్కడ స్టడీ అవర్‌లో ఉన్నా మేడం. వీడియో పంపితే చూశా. మీరు గొంతు పోయి ఆగిపోయారు కాబట్టి మేమూ ఆగి ఆలోచించాం. మీకే థాంక్స్ చెప్పాలి" అన్నాడు.

అన్నీ ఆమె అనుకున్నట్టే జరగలేదు. హెడ్ పదవి వేరే కాలేజీ నుంచి కొత్తగా మారి వచ్చిన ఒకతనికి దక్కింది, జీతం కొంత తగ్గింది. స్టాఫ్ మీటింగులో వెనక కుర్చీలో కూర్చున్న మొదటిరోజు మనసు చివుక్కుమంది. ఆ చివుక్కు కొన్నాళ్ళు ఉంది. క్లాసులో మాత్రం ఒక వింత జరిగింది. చిన్న మైకు పెట్టుకుని తగ్గు స్వరంతో చెబుతుంటే పిల్లలు ముందుకు వంగి వినడం మొదలుపెట్టారు. తాను అరుస్తున్నంత కాలం వాళ్ళూ గోల చేసేవాళ్ళని ఆమెకు ఇప్పుడే తెలిసింది. మళ్ళీ పాఠం చెప్పి బయటికి వస్తుంటే ఒంట్లో అలసట ఉన్నా మనసు తేలికగా ఉండసాగింది. చిలకలూరిపేట తల్లికి ఒకరోజు తానే ఫోన్ చేసి, మీ వాడు మంచి ప్రశ్నలు అడుగుతున్నాడని చెప్పింది. ఆ తల్లి ఆ మాట మళ్ళీ చెప్పించుకుని వింది.

ఆ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఖుర్షిదా వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చింది. డాబా మీద ఖాదర్‌బీ పచ్చడికి పండుమిరపకాయలు కడిగి ఆరబెడుతోంది. కోడలు కూడా పక్కన చాప మీద కూర్చుని తొడిమలు తీసింది. వేళ్ళు మండాయి. అత్తగారు నవ్వి కొబ్బరినూనె గిన్నె ముందుకు జరిపింది. ఆ రోజు ఎవరు ఏమన్నారో, ఏ పిల్లాడు ఏం అడిగాడో ఖుర్షిదా చెబుతూ ఉంటే ఖాదర్‌బీ వింటూ, మధ్యమధ్యలో, ఆ తర్వాత ఏమైందే అని అడిగింది.

మసీదు నుంచి అజాన్ వినబడగానే ఇద్దరూ చేతులు కడుక్కుని లేచారు. నమాజు ముగిశాక ఖుర్షిదా దువా కోసం చేతులు పట్టింది. ఇన్నేళ్ళూ ఆ వేళకు ఏదో ఒకటి అడిగేది, ఫలితాలు బాగా రావాలనో, ఓపిక ఇవ్వమనో. ఆ సాయంత్రం అడగడానికి ఏమీ తట్టలేదు. డాక్టరమ్మ, ప్రేమదాసు, షాపు మూసిన భర్త, ఫోన్ ఎత్తిన అత్త, ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్న కూతురు, ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చారు. వాళ్ళందర్నీ ఇచ్చినందుకు దేవుడికి షుక్రియా చెప్పుకుంది. కింద నుంచి నాగూర్ వలి ఆకలేస్తోందని పిలిస్తే, వస్తున్నానని బదులిచ్చి, చాప చుట్టి మెట్లు దిగింది.