వందన సమర్పణ కోమలది

హాలియా దగ్గరి ఆ ఊళ్లో సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. వచ్చిన రోజే మూడు మహిళా సంఘాలు ఒక్కటయ్యాయి: పొదుపు సంఘం, మహిళా మండలి, చర్చి స్త్రీల సమాజం. ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ముందుండాలనే దగ్గర మాత్రం పదకొండు రోజులు ఒక్కటి కాలేకపోయాయి. చివరికి మూడు పేర్లూ గుండ్రంగా రాయించారు. ఏది ముందో ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు.

అభ్యర్థి దగ్గర ఇంత గొడవ లేదు. బట్టలు కుట్టే కోమల డిగ్రీ చదివింది, తహసీల్దారు ముందైనా గొంతు తగ్గించదు. ఆమే అనుకున్నారు. మహిళల రాజకీయ భాగస్వామ్యం మీద సదస్సు పెట్టి, అక్కడే ఆమె పేరు చెబుదామనుకున్నారు. నామినేషన్లకు ఆ మర్నాడే ఆఖరు.

సదస్సు నాడు ఫంక్షన్ హాల్లో వేదిక మీద ఆరు కుర్చీలు వేస్తే ఆరింటిలోనూ మగవాళ్లే కూర్చున్నారు. వాళ్లు జ్యోతి వెలిగించారు, మహిళలు అగ్గిపెట్టె అందించారు. మాజీ సర్పంచ్ గురవయ్య స్త్రీశక్తి గురించి నలభై నిమిషాలు మాట్లాడి, "చదువుకున్న ఆడపిల్లలు ముందల్కి రావాలె" అని చెమట తుడుచుకున్నాడు. భోజనాలకు లేచే ముందు తన భార్య నర్సింగమ్మను ఏకగ్రీవం చెయ్యమంటాడని హాలులో అందరికీ తెలుసు. నర్సింగమ్మకు తెలుసో లేదో, హాలు వెనకాల ఆమె పప్పు గిన్నె దించుతోంది.

కోమల పొదుపు సంఘం అధ్యక్షురాలు సుగుణమ్మ పక్కకు చేరింది.

"నా పేరెప్పుడు చెప్తవ్ అత్తా?"

"ఎట్ల చెప్పాలె బిడ్డా, పెద్దమనుషులు కూసున్నరు. నీకు వందన సమర్పణ ఇచ్చినం గదా."

కోమల మైకు అందుకుంది. హాలు వాళ్లకు, వంట వాళ్లకు ధన్యవాదాలు చెప్పి గురవయ్య వైపు తిరిగింది.

"గురవయ్య మామకు వందనాలు. చదువుకున్నోళ్లు రావాలె అన్నడు. మూడు సంఘాల తరఫున నేనొస్తున్న. నామినేషన్ పత్రం గూడ తెచ్చిన. నన్ను ప్రతిపాదిస్తున్నట్టు మామనే దస్కత్ పెడ్తడు."

మూడు వందల మంది చప్పట్లు కొట్టారు. సుగుణమ్మ అటూ ఇటూ చూసి, అందరూ కొడుతున్నారని నిర్ధారించుకున్నాక అందరికంటే గట్టిగా కొట్టింది.

గురవయ్య జేబులోని పెన్నును అరచేత్తో కప్పాడు. "పెన్ను తేలే బిడ్డా. రేపు చూద్దాం."

నర్సింగమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వేదికెక్కింది. భర్త చెయ్యి పక్కకు జరిపి ఆ పెన్ను తీసుకుంది.

"యాడ పెట్టాలె కోమలా?"

గురవయ్య గొంతు తగ్గించాడు. "నువ్వు దస్కత్ పెడితే మన దిక్కు ఎవలు నిలవడ్తరే? నేను అందరితోని నీ పేరే అనుకున్న."

"నాతోని అనలేదు గదా." ఆమె తన పేరులో ఒక్కో అక్షరం తీరిగ్గా రాసింది. "నువ్వే నిలవడు. ఆడోళ్ల గురించి నీకు తెల్సినంత మాకెవ్వలికి తెల్సు?"