గోడ వారన

సమాధుల తోట వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి ముసలమ్మ చీపురు పట్టు సడలించింది. ఆమె ఊడవడానికి వస్తే సమాధుల్లో ఉన్నవాళ్ళు కూడా కాళ్ళు ముడుచుకోవాల్సిందేనని ఊళ్ళో వేళాకోళం. గోడ వారన మాత్రం నేలకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు ఊడుస్తుంది.

ఆ వారన రాళ్ళు లేవు, పేర్లు లేవు. జ్ఞానస్నానం కాకముందే పోయిన పసికందులను వెనకటి రోజుల్లో చర్చి పెద్దలు అక్కడ పూడ్పించేవారు. గుర్తు పెట్టనిచ్చేవారు కాదు. ఆమె తొలిచూలు బిడ్డా అక్కడే ఉన్నాడు. గోతులు తవ్వే పని మొగుడిదే కనుక ఆయనే ఎత్తుకెళ్ళి, ఆయనే తవ్వి, మట్టి చేతులతో తిరిగొచ్చాడు. మంచంలో ఉన్న ఆమె ఎక్కడని అడగలేదు. అడిగితే ఆయన ఏడుస్తాడని ఆమె, చెబితే ఆమె ఏడుస్తుందని ఆయన, కాపురమంతా నోరు కట్టేసుకున్నారు. ఆయన పోయాక అడగడానికి మనిషే లేడు. అందుకే గోడ పొడవునా ఊడుస్తుంది.

ఆ ఉదయం సమాధుల తోట కమిటీ పెద్ద ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, గోడ వెంబడి సిమెంటు బాట వేస్తున్నామని చెప్పాడు. చెడ్డవాడు కాదు. ఆమె ముఖం చూసి ఆగాడు.

“ఏంటి పెద్దమ్మా?”

“ఇక్కడ మావాడున్నాడయ్యా.”

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆయన తల వంచుకున్నాడు.

“ఎక్కడో చూపించు. అంతమేర వదిలేస్తాం.”

ఆమె గోడ పొడవునా చూసింది. తెలియదంటే ఏదీ మిగలదు. చివరికి మూలనున్న గడ్డి వైపు చెయ్యి చూపింది. మేస్త్రీ అక్కడ నాలుగు ఇటుకలు పెట్టి, మిగతా వారనంతా బాట కొలతకు తాడు కట్టాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె ఆ ఇటుకల పక్కన కూలబడింది. బిడ్డ దొరికాడని ఎంత నచ్చజెప్పుకున్నా మనసు వినలేదు. ఇన్నాళ్ళూ గోడ వారనంతా వాడిదే. ఇప్పుడు ఒక్క మూలతో సరిపెట్టి, మిగతాదంతా తన చేత్తోనే వదిలేసుకుంది. బతికుండగా మొగుణ్ణి ఒక్క మాట అడిగి ఉండాల్సింది. దుఃఖం పొంగుకొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి బాగా ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని లేచింది.

సాయంత్రం గేటు ఇంకా తెరిచే ఉందని ఫాదర్ చూడటానికి వచ్చారు. ఆమె గోడ అవతలి చివర చేరగిలబడి కూర్చుని ఉంది. అరచేతుల నిండా ఇటుక పొడి. పిలిస్తే పలకలేదు. ముట్టుకుంటే ఒళ్ళు చల్లగా తగిలింది.

మేస్త్రీ కట్టిన తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టి ఉంది. గోడకు ఈ చివర రెండు ఇటుకలు, ఆ చివర రెండు ఇటుకలు ఉన్నాయి. వాటి మధ్య, పొడవునా ఊడ్చిన నేల మీద, ఆమె చీపురు పడి ఉంది.