కోసేసిన నాలుగు పిన్నులు

అక్క ఫోన్ చేసి "ఒరేయ్, నా మానిటర్ చచ్చిపోయిందంటున్నారు, నువ్వొచ్చి చూసేదాకా నేను నమ్మను" అన్నప్పుడే మెకానిక్‌కి సగం విషయం అర్థమైపోయింది.

"ఎప్పటి నుంచి?"

"మొన్న కొత్త కంప్యూటర్ పెట్టినప్పటి నుంచీ."

"అయితే అది చావలేదే అక్కా, ఎవరో గొంతు నొక్కారు" అని సంచి సర్దుకుని బయల్దేరాడు.

అక్కది బట్టల మీద అచ్చువేసే కంపెనీలో రంగులు కుదిర్చే పని. పద్దెనిమిదేళ్లుగా ఆ లావుపాటి గాజు మానిటర్ మీదే గుడ్డముక్కకీ తెరకీ రంగు సరిచూస్తోంది. కొత్త కంప్యూటర్‌తోపాటు వచ్చిన పల్చటి మానిటర్‌లో మెరూన్ ఆమె కంటికి ఇటుకరంగులా ఉంది. ఆర్డరిచ్చే పెద్దాయన ఆ రోజే మూడు గంటలకి వస్తున్నాడు. ఆయనిచ్చిన మెరూన్ ముక్కకి సరిజోడు ఆ రోజు తేలకపోతే రంగుల పని బయటివాళ్లకిచ్చేసి, అక్కని బట్టలు మడిచిపెట్టే మడతల గదికి పంపేస్తానని మేనేజరు ముందురోజే చెప్పేశాడు.

మెకానిక్ వెళ్లేసరికి మేనేజరుగారి అల్లుడు అక్క కుర్చీలో కూర్చుని అటూ ఇటూ ఊగుతున్నాడు. ఇంజినీరింగ్ చదివాడు. మామగారి పుణ్యమా అని అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్ద. వాచ్‌మన్ దగ్గర్నుంచీ అందరూ అతన్ని అల్లుడుగారనే పిలుస్తారు, కంపెనీ అంతా కలిసి పిల్లనిచ్చినట్టు.

"వచ్చారా? తీసుకెళ్లి పాత ఇనుములో వేసేయండి. పిక్చర్ ట్యూబ్ పోయింది."

"విప్పి చూశారా అల్లుడుగారూ?"

"విప్పడమెందుకు? సిగ్నల్ ఇస్తున్నా బొమ్మ రావట్లేదు కదా."

మెకానిక్ ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడు. పెద్ద చదువులవాళ్లు పోయిందని తేల్చేసిన సామాన్లు బాగుచేస్తూనే ముప్పై ఏళ్లుగా ఇల్లు నడుపుతున్నాడు. వాదన పెట్టుకోలేదు. కంప్యూటర్ వైపు నుంచి తీగ ఊడబీకి మానిటర్ స్విచ్ నొక్కాడు. ట్యూబ్ కుయ్యిమంది. నల్లటి తెర మధ్యలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు వెలిగాయి.

"పోయినదానికి ఇంత ముస్తాబెక్కడిదండీ?"

అక్క నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

తీగకీ కొత్త గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య చిన్న తెల్లటి అడాప్టరొకటి ఉంది. దాన్ని లాగి వెలుతుర్లో పెట్టి చూశాడు. చదునైన రేకు. దాని చుట్టూ నాలుగు పిన్నులుండాల్సిన చోట నాలుగు మొండి మొదళ్లు.

"వీటినేం చేశారు?"

"కార్డులో వాటికి కన్నాల్లేవండీ. పట్టడం లేదని కటింగ్ ప్లేయర్‌తో తీసేశా. మిగతావన్నీ బానే ఉన్నాయిగా."

"తలుపు చిన్నదని మనిషి తలకాయ తీసి లోపలికి తోసినట్టుంది. పాత మానిటర్‌కి బొమ్మ వెళ్లేదే ఆ నాలుగింటిలోంచి! కన్నాల్లేవంటే, ఆ సరుకు నా దగ్గర లేదు బాబూ అని కార్డు చెప్తోందన్నమాట. అది అంకెల్లోనే మాట్లాడుతుంది. మన మానిటర్‌కి అంకెలు రావు, కరెంటు హెచ్చుతగ్గులే తెలుసు. మధ్యలో దుబాసీ కావాలి."

సంచిలోంచి చిప్పున్న కన్వర్టర్ తీశాడు. ఫోన్‌లో విన్నప్పుడే సంచిలో పడేసుకున్నాడు. ఒక కొస కార్డులో ఇంకో సాకెట్‌కి, రెండో కొస మానిటర్ తీగకి తగిలించాడు. బొమ్మ వచ్చింది.

"వద్దురా, తెర వణుకుతోంది. కళ్లు లాగేస్తున్నాయి" అంది అక్క.

"సెకనుకి అరవైసార్లు గీస్తోందే, దీనికది చాలదు. ఆగు." సెట్టింగుల్లో ఎనభై ఐదుకి మార్చాడు. బొమ్మ గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది.

అప్పుడే మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "పెద్దాయన రెండున్నరకే దిగిపోయారమ్మా! వెలిగిందిగా, రంగు తేల్చేయ్."

"అరగంట ఆగాలి సార్. వేడెక్కని మానిటర్‌లో నేను రంగు చూడను."

"పల్చటిదాంట్లో చూసేయండి, ఏం మునిగిపోదు" అన్నాడు అల్లుడు.

"మునిగితే మడతల గదికి పోయేది మీరు కాదుగా" అంది అక్క.

మేనేజరు మెకానిక్ వైపు చూశాడు, ఆమెకి కాస్త నచ్చజెప్పమన్నట్టు. మెకానిక్ చెప్పాడు, "అరగంటంటే అరగంటే సార్. చల్లటి ట్యూబ్ ఎరుపుని ఒకలా చూపిస్తుంది, వేడెక్కాక ఇంకోలా. అంతదాకా ఆయన్ని మాటల్లో పెట్టండి. మీకు చేతకాని పనా!"

మేనేజరు మొహం గంటుపెట్టుకుని వెళ్లాడు. అక్క అల్లుణ్ణి లేపి తన కుర్చీలో కూర్చుంది. కర్టెన్ లాగింది. మెరూన్ ముక్కని దీపం కింద పరిచి, చేతులు కట్టుకుని గడియారం చూసింది. సరిగ్గా మూడింటికి వంగి ఎరుపు రెండు మెట్లు దించింది, నీలం ఒకటి ఎక్కించింది. పక్కగదిలో నమూనా ముక్క అచ్చుపడింది. తడారేలా ఇస్త్రీ చేసి తానే తీసుకెళ్లి ఇచ్చింది.

ఆర్డరిచ్చే పెద్దాయన రెండు ముక్కలూ కిటికీ దగ్గర ఒకదానిమీదొకటి పెట్టాడు, తిప్పాడు, మడిచాడు, బొటనవేలితో రుద్దాడు. చివరికి మేనేజరుని అడిగాడు.

"ఇందులో నేనిచ్చిందేదండీ?"

మేనేజరు అక్క వైపు తిరిగాడు.

"కింద ఉన్నది" అంది అక్క.

పెద్దాయన నవ్వి, అచ్చు మొదలుపెట్టమన్నాడు.

ఆయన కారు గేటు దాటాక మేనేజరు రంగుల గదికొచ్చి, "ఎప్పట్లాగే ఇక్కడే కానీయమ్మా" అన్నాడు.

"కానిస్తాను సార్. కానీ ఇకమీదట ఈ గదిలో ఏ తీగ ముట్టుకోవాలన్నా ముందు నన్నడగాలి. అల్లుడుగారైనా సరే."

అల్లుడు మామ వైపు చూశాడు. మామ కిటికీ వైపు చూస్తూ, "అలాగేలేమ్మా" అన్నాడు.