వీరలక్ష్మి లెన్సు

దీవిలోని అబర్డీన్ బజార్‌లో చిన్న ఫొటో స్టూడియో నడిపే లహరి, పిట్టల ఫొటోలకు పనికొచ్చే పాత పొడవాటి లెన్సు అమ్మకానికుందని విని బతు బస్తీ వచ్చింది. అమ్మేది రిటైరైన టీచరు వీరలక్ష్మి. చేతులు వణుకుతున్నాయి, ఇక మోయలేనందామె.

సముద్రపు గాలికి అద్దాల్లో బూజు పట్టిందేమోనని లహరి టార్చి వేసి చూసింది. శుభ్రంగా ఉంది. దాన్ని లహరి వీరలక్ష్మి కెమెరాకే తగిలించి, పెరట్లోకి వెళ్లి ఎండిన కొబ్బరి మొద్దుకు గురిపెట్టింది. దాని మీద ఎర్ర జుట్టున్న నల్లటి వడ్రంగిపిట్ట టకటకా పొడుస్తోంది.

"ఆంటీ, ఎవరొచ్చారో సూడండి!"

"అరె, ఇటియ్యి! దీనికోసం చిడియాటాపు అడివంతా తిరిగాను. ఫొటోలో తోక తప్ప ఏటీ దొరకలేదు!"

లహరి కెమెరా ఇచ్చేసింది. కానీ వీరలక్ష్మి చేతుల్లో లెన్సు ఊగిపోతోంది. లహరి చప్పున ఆమె ముందుకొచ్చి కాస్త వంగింది.

"నా భుజం మీద పెట్టండి ఆంటీ. జల్దీ!"

"నువ్వు ఊపిరి తియ్యకు మరి!"

క్లిక్. పిట్ట ఎగిరిపోయింది. స్క్రీన్ మీద మాత్రం ముక్కు నుంచి తోక దాకా నిలిచింది. వీరలక్ష్మి ఆ బొమ్మను చూస్తూ చిన్నపిల్లలా నవ్వింది.

"ఇంక అమ్మరేమో కదా?" అంది లహరి దిగులుగా.

"తీసుకెళ్లు. నీ భుజం మాత్రం అప్పుడప్పుడూ నాకియ్యాల."

ఆ ఆదివారం ఇద్దరూ స్కూటీ మీద చిడియాటాపు బయల్దేరారు. లెన్సును ఒళ్లో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా లహరిని గదమాయిస్తూ వెనక కూర్చుంది వీరలక్ష్మి.